ట్రయనాన్ గాయం, హంగరీ విదేశాంగ విధానం: ఏది దేన్ని నడిపింది?

ప్రశ్న (గోదావరి తీరం):

2010లో ఎన్నికల్లో గెలిచి విక్టర్ ఓర్బాన్ ప్రధాని అయ్యారు; ఆ గెలుపు తరువాత కొద్ది వారాలకే హంగరీ పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. పొరుగు దేశాల్లోని హంగరీ భాషీయులు స్వదేశానికి వచ్చి స్థిరపడకుండానే పౌరసత్వం పొందవచ్చునని ఒకటి చెప్పింది; ట్రయనాన్ ఒప్పందంపై సంతకాలు జరిగిన జూన్ 4ను జాతీయ ఐక్యతా దినంగా పాటించాలని రెండవది చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన హంగరీపై 1920లో విధించిన ఆ ఒప్పందంతో హంగరీ రాజ్యం తన భూభాగంలో మూడింట రెండు వంతులు కోల్పోయింది, ముప్పై లక్షలకు పైగా హంగరీ భాషీయులు సరిహద్దులకు అవతల మిగిలిపోయారు. ఆ దుఃఖం నిజమైనదేనని నేను నమ్ముతాను. అయితే జనాకర్షక నాయకుల చేతిలో ఇటువంటి జ్ఞాపకం విదేశాంగ విధానాన్ని నడిపిస్తుందా, లేక విధానమే తనకు పనికివచ్చే జ్ఞాపకాన్ని ఏరుకుంటుందా?

జవాబు (పాత నాణెం):

ఏరుకుంటుందనే నా అభిప్రాయం. ట్రయనాన్‌ను తలచుకునే ప్రభుత్వ ప్రసంగాల్లో, 1938లోనూ 1940లోనూ హిట్లర్ జర్మనీ, ఇటలీ కలిసి ఇచ్చిన వియన్నా తీర్పుల ద్వారా హంగరీకి కొంత భూమి తిరిగి దక్కిందనీ, ఆ స్నేహానికి ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందనీ చెప్పే మాటలు అరుదు. 1944లో కొద్ది నెలల్లోనే నాలుగు లక్షలకు పైగా యూదులను రైళ్లలో నాజీ మరణ శిబిరాలకు తరలించడంలో హంగరీ సాయుధ పోలీసులు, అధికారులు పాలుపంచుకున్నారు. అయినా 2014లో బుడాపెస్ట్ స్వేచ్ఛా కూడలిలో నిలిపిన స్మారకంలో జర్మన్ గద్ద దాడి చేస్తుంటే, హంగరీ నిస్సహాయుడైన గాబ్రియేల్ దేవదూతగా కనిపిస్తుంది. తన గాయాన్ని మాత్రమే గుర్తుంచుకుని, తన చేతుల మీదుగా జరిగినదాన్ని పక్కన పెట్టే జ్ఞాపకం ఇరుగుపొరుగుతో మాట్లాడేటప్పుడు ఫిర్యాదుగానే బయటికి వస్తుంది.

జవాబు (సరిహద్దు ఊరు):

పాత నాణెం గారూ, స్మారకం విషయంలో మీతో ఏకీభవిస్తాను గానీ, సరిహద్దు అవతలివారి కష్టాన్ని కేవలం సాకుగా తీసిపారేయలేం. ఉక్రెయిన్ 2017లో తెచ్చిన విద్యా చట్టం అల్పసంఖ్యాక భాషల్లో మాధ్యమిక విద్యను కుదించింది, దానిలోని కొన్ని అంశాలను యూరప్ దేశాలకు రాజ్యాంగ విషయాల్లో సలహాలిచ్చే వెనిస్ కమిషన్ కూడా తప్పుపట్టింది. హంగరీ భాషీయులు నివసించే పశ్చిమ ఉక్రెయిన్ ప్రాంతం ట్రాన్స్‌కార్పాథియాలో తమ బడి తమ భాషలో ఉండాలని కోరుకునే తల్లిదండ్రులు ఎవరి ఎన్నికల కోసమో ఆ కోరిక కోరలేదు. మాతృభాషలో చదువు కోసం మనమూ ఎంతో వాదించుకున్నవాళ్లమే కాబట్టి ఆ బాధ మనకు తెలియనిది కాదు.

జవాబు (పాత నాణెం):

ఆ తల్లిదండ్రుల ఫిర్యాదు న్యాయమైనదే, నేను కాదనను. నా అభ్యంతరం దాన్ని వాడుకున్న తీరు మీద. ఆ చట్టాన్ని కారణంగా చూపి నాటో సైనిక కూటమి ఉక్రెయిన్‌తో చర్చించే వేదికైన నాటో-ఉక్రెయిన్ కమిషన్ ఉన్నత స్థాయి సమావేశాలను ఏళ్ల తరబడి అడ్డుకున్న ప్రభుత్వమే, రొమేనియా దగ్గరకు వచ్చేసరికి మరో కొలబద్ద పట్టుకుంది. 2019లో రొమేనియాలోని ఉజ్ లోయలో ఉన్న హంగరీ సైనికుల శ్మశానం దగ్గర ఉద్రిక్తత చెలరేగినప్పుడు అక్కడున్న రొమేనియా జాతీయవాద నాయకుల్లో జార్జ్ సిమియోన్ ఒకరు. 2025 మే నెలలో అతడు రొమేనియా అధ్యక్ష పదవికి పోటీ పడుతున్నప్పుడు, ఓర్బాన్ హంగరీలోని తిహాన్య్‌లో మాట్లాడుతూ అతడి మాటలను మెచ్చుకున్నారు. బ్రసెల్స్‌ను, అంటే యూరోపియన్ యూనియన్‌ను, ఎదిరించడంలో తోడు దొరుకుతుందనుకున్నప్పుడు శ్మశానం గుర్తుకు రాలేదు. అక్కడి హంగరీ భాషీయుల ప్రధాన పార్టీ మాత్రం సిమియోన్‌ను వ్యతిరేకించింది, హంగరీ భాషీయులు అధికంగా ఉన్న హర్గిటా జిల్లాలో ఓటర్లు భారీ ఆధిక్యంతో సిమియోన్ ప్రత్యర్థి నికుషోర్ డాన్ వైపు నిలిచారు.

ప్రశ్న అడిగినవారు (గోదావరి తీరం):

ఉజ్ లోయ సంగతి నాకు తెలియదు. ఎవరి పేరుతో ఈ జ్ఞాపకాన్ని కాపాడుతున్నామంటున్నారో ఆ మనుషులే ఓటు వేసి వేరే మాట చెప్పారన్నది నా ప్రశ్నకు నేను ఊహించని వైపు నుంచి వచ్చిన సమాధానం. సరిహద్దు ఊరు గారూ, ఆ ఎన్నిక తరువాత ట్రాన్స్‌కార్పాథియా విషయంలో మీ అభిప్రాయం ఏమైనా మారిందా?

జవాబు (సరిహద్దు ఊరు):

బడి గురించి నా అభిప్రాయం మారలేదు. ఆ బడి తరఫున బుడాపెస్ట్ మాట్లాడిందన్న నమ్మకమే సన్నగిల్లింది.