కలవని రేఖలన్నీ సమాంతర రేఖలు కావా?

ప్రశ్న:
నమస్కారమండి. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. యూనిట్ టెస్టులో సమాంతర రేఖలంటే ఏమిటని అడిగితే "ఎంత పొడిగించినా కలవని రేఖలు" అని రాశాడు. రెండు మార్కులకి ఒకటే పడింది. పక్కన ఎర్ర పెన్నుతో "ఒకే తలంలో?" అని రాసి ఉంది. వాడికి అర్థం కాలేదు, నాకూ కాలేదు. ఇంకోటి, బిందువుకి నిర్వచనం లేదట కదా, మరి నిర్వచనమే లేనిదాని మీద ఇన్ని లెక్కలేమిటని వాడి గోల. ఎవరైనా కాస్త విడమర్చి చెప్పండి.

జవాబు (లెక్కల టీచరు):
మార్కు తగ్గడం న్యాయమేనండి. కాగితం మీద గీసినంతసేపూ "కలవని రేఖలు" అంటే సరిపోతుంది, ఎందుకంటే కాగితం మీద ఉన్నవన్నీ ఎలాగూ ఒకే తలంలో, అంటే అన్ని వైపులా ఎంతైనా పొడిగించగల చదునైన ఒకే ఉపరితలంలో ఉంటాయి. కాగితం దాటి గదిలోకి వస్తేనే చిక్కు.

మీ అబ్బాయిని గది మధ్యలో నిలబెట్టండి. తూర్పు గోడ నేలని తాకే అంచు చూడమనండి, అది ఉత్తరం దక్షిణంగా పోతుంది. తర్వాత ఉత్తరపు గోడ పైకప్పుని తాకే అంచు చూడమనండి, అది తూర్పు పడమరగా పోతుంది. రెంటినీ గోడలు దాటించి ఎంత దూరం పొడిగించినా కలవవు, ఒకటి కింద, ఒకటి పైన. అలాగని అవి సమాంతరమా? కాదు, వాటి దిశలే వేరు. ఆ రెండూ పూర్తిగా ఇమిడే తలం ఒక్కటీ లేదు. వీటిని పక్కకు తప్పించడానికే నిర్వచనంలో "ఒకే తలంలో" అన్న మాట. ఇది కొత్తగా వచ్చిన షరతు కూడా కాదు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన "ఎలిమెంట్స్" గ్రంథం మొదటి భాగంలో 23 నిర్వచనాలుంటే, చివరిదైన సమాంతర రేఖల నిర్వచనంలో ఈ మాట ఉంది.

గదికి మొత్తం 12 అంచులు. ఏదో ఒకటి పట్టుకుని, మిగిలిన 11లో దానికి సమాంతరమైనవెన్నో, దాన్ని తాకేవెన్నో, రెండూ కానివెన్నో లెక్కపెట్టమనండి.

మళ్ళీ అడిగినవారు:
చేశాడండి. తూర్పు గోడ కింది అంచు పట్టుకున్నాడు. తాకేవి 4. సమాంతరమైనవి 2 అంటాడు, నేను 3 అంటాను. పడమర గోడ పై అంచు దగ్గర పేచీ. రెండూ ఒకే గోడ మీద లేవు, నేల మీదా లేవు, మరి ఒకే తలం ఎక్కడిది అని వాడి వాదన.

జవాబు (లెక్కల టీచరు):
గెలిచింది మీరే, కానీ వాడి ప్రశ్న బాగుంది. తలమంటే గోడే కానక్కర్లేదు. తూర్పు కింది అంచు నుంచి పడమర పై అంచుకి ఏటవాలుగా పెద్ద ప్లైవుడ్ షీటు ఆనించినట్టు అనుకోండి. రెండు అంచులూ ఆ షీటు మీద పడతాయి. అదే వాటి తలం. కాబట్టి సమాంతరాలు 3, తాకేవి 4, రెండూ కానివి 4. ఆ చివరి నాలుగింటిలో దేనితోనైనా ఇలా షీటు ఆనించి చూడమనండి, కుదరదు.

ఇంకొకరి జవాబు (డిగ్రీలో మ్యాథ్స్ చదివినవారు):
బిందువు సంగతి నేను చెప్తాను. యూక్లిడ్ "భాగాలు లేనిది బిందువు" అన్నాడు. వినడానికి బాగుంటుంది. కానీ భాగమంటే ఏమిటి అని అడిగితే దానికి ఇంకో మాట కావాలి, ఆ మాటకి మరోటి. ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. అందుకే 1899లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ బిందువు, రేఖ, తలం అనే మూడింటినీ నిర్వచించకుండా వదిలేసి, వాటి మధ్య సంబంధాలు మాత్రం చెప్పాడు. రెండు బిందువుల గుండా ఒకే సరళరేఖ పోతుంది. ఒకే రేఖ మీద లేని మూడు బిందువుల గుండా ఒకే తలం పోతుంది. లెక్కలు నడిచేది ఇలాంటి నియమాల మీదే. బిందువు "ఎలా ఉంటుందో" తెలియకపోయినా ఏ నిరూపణా ఆగదు.

రెండో నియమం ఇంట్లోనే కనిపిస్తుంది. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగకుండా నిలబడుతుంది, దాని మూడు కాళ్ల చివరలూ ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి కాబట్టి. నాలుగో కాలు చివర ఆ తలంలోనే ఉంటుందన్న హామీ లేదు, అందుకే స్టూలు కింద అట్టముక్క పెడుతుంటాం. కెమెరా స్టాండుకి మూడు కాళ్లుండేది కూడా ఇందుకే.

మళ్ళీ అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. పరీక్షలో ఎలా రాయాలో కూడా చెప్పేయండి. "నాలుగు బిందువుల గుండా ఎన్ని రేఖలు?" అన్న లెక్కలో కూడా తికమక పడుతున్నాడు.

జవాబు (లెక్కల టీచరు):
"ఒకే తలంలో ఉండి, రెండు వైపులా ఎంత పొడిగించినా కలవని సరళరేఖలు సమాంతర రేఖలు." ఇంత చాలు. పటంలో రేఖకి రెండు చివరలా బాణం గుర్తులు పెట్టమనండి. ఒకవైపే పెడితే కిరణం, అసలు పెట్టకపోతే రేఖాఖండం అవుతుంది. పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

నాలుగు బిందువుల లెక్కకి ప్రశ్న సరిగ్గా చదవాలి. ఏ మూడూ సరేఖీయాలు కావు, అంటే ఏ మూడూ ఒకే రేఖ మీద లేవు అని ఇస్తే 6 రేఖలు. మూడు మాత్రమే ఒకే రేఖ మీద ఉంటే 4. నాలుగూ ఒకే రేఖ మీద ఉంటే ఒక్కటే. ప్రశ్నలో ఏమీ చెప్పకపోతే మూడు సందర్భాలూ పటాలతో సహా రాయమనండి.