గాలి తోయుచోటా, గాలి తోడుచోటా?

పటమట కుర్రాడు
ఒక పద్యం ముక్క బుర్రలోంచి పోవడం లేదు. ఆటోనగర్‌లో మా నాన్న షెడ్డు పక్కనే ఒక పెద్ద మెకానిక్ ఉండేవాడు. కార్బురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే భాగం) ఉన్న బండికి టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) కట్టమని ఎవరైనా వస్తే ముందు ఈ ఆటవెలది వినిపించి, తర్వాతే స్పానర్ పట్టేవాడు:

పెద్ద జెట్టు వేసి పెట్రోలు పోసినా
గాలి తోయుచోట గాలె దిక్కు

జెట్టు అంటే కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం. మిగతా రెండు పాదాలు ఎవరికైనా తెలుసా? ఇంకో డౌటు, అది "తోయుచోట"నా "తోడుచోట"నా? రెండూ విన్నట్టే ఉంది.

గురులఘువు
రెండో పాదంలో అన్నీ గలాలే (గురువు, తర్వాత లఘువు), యతి గా–గా, వంక పెట్టడానికి లేదు. తోయు అన్నా తోడు అన్నా గలమే కాబట్టి ఛందస్సు ఇందులో తీర్పు చెప్పదు. నాకు నచ్చింది "గాలె". గాలియె అని శుద్ధంగా రాస్తే భగణం (గురువు, రెండు లఘువులు) అయి కూర్చుంటుంది, అక్కడ సూర్యగణమే, అంటే గలమో నగణమో (మూడు లఘువులు), పడాలి. ఆయనకు చెవి ఉంది. మొదటి పాదంలో "పెట్రోలు" దగ్గర మాత్రం పె ఊది, గురువుగా పలకాలి. రేఫవత్తు కదా అని తేల్చి పలికితే జగణం (లఘువు, గురువు, లఘువు) అవుతుంది, పాదం పోతుంది.

బ్రాడీపేట మాస్టారు
తోయు కాదు నాయనా, త్రోయు. పాత రూపం అదే. త్రో ముందు "లి" గురువు అవుతుందని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెబుతున్నా, వేరే తెలుగు మాట మొదట్లో సంయుక్తం వస్తే వెనక అక్షరం గురువు కానక్కర్లేదు.

గురులఘువు
అది ఎవరూ అనలేదండీ మాస్టారూ.

బోనెట్ తెరిచినవాడు
మీరు గణాలు లెక్కపెట్టుకోండి గానీ, ఆ ఒక్క అక్షరం మీద ఇంజన్ బతుకు ఉంది. తోయు అంటే బ్లో త్రూ. టర్బో ముందు, కార్బురేటర్ తర్వాత, గాలి ఒత్తిడితో కార్బురేటర్‌లోకి వచ్చి పడుతుంది. ఫ్లోట్ బౌల్‌కి (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) ఉండే వెంట్‌ని (గాలి రంధ్రం) మామూలుగా బయటి గాలికి వదిలేశారనుకోండి, కార్బురేటర్ గొంతులో చదరపు అంగుళానికి 10 పౌండ్ల బూస్ట్ (టర్బో పెంచిన ఒత్తిడి), బౌల్‌లో సున్నా, ఇక పెట్రోల్ జెట్‌లోంచి పైకి ఎందుకు వస్తుంది? వెనక్కే పోతుంది. మిక్స్చర్ లీన్ అయి (పెట్రోల్ పాలు తగ్గి), నాకింగ్ (సిలిండర్‌లో అదుపు తప్పి మండడం) మొదలై, పిస్టన్‌కి చిల్లు పడుతుంది. అప్పుడు ఎంత పెద్ద జెట్ వేసినా దండగే. ఆ బూస్ట్ గాలినే ఒక గొట్టంతో తెచ్చి బౌల్ మీద కూడా పెట్టాలి. "గాలె దిక్కు" అంటే అదీ! పద్యం మొత్తం ట్యూనింగ్ పాఠమే, తోయు తప్ప ఇంకోటి కుదరదు.

పంపు సంగతి కూడా అంతే. మామూలు కార్బురేటర్ పంపు ఇచ్చేది నాలుగైదు పౌండ్లు, 10 పౌండ్ల బూస్ట్‌కి అది ఎదురు వెళ్లలేదు. బూస్ట్ ఒక పౌండ్ పెరిగితే పెట్రోల్ ఒత్తిడీ ఒక పౌండ్ పెరిగే రెగ్యులేటర్ కావాలి, అంటే పూర్తి బూస్ట్‌లో 14, 15 దగ్గర నిలబడాలి. ఎప్పుడూ 15 ఇచ్చే పంపు పెట్టి వదిలేస్తే ఐడిల్‌లో బౌల్‌లోకి పెట్రోల్‌ని ఆపే నీడిల్ వాల్వ్ ఆగదు, ఫ్లడ్ అవుతుంది. బోలు ఇత్తడి ఫ్లోట్ అయితే ఒత్తిడికి నలిగిపోయే ప్రమాదం వేరే ఉంది.

కృష్ణలంక
అన్నా, అంత ఖాయంగా చెప్పకు. నూతిలోంచి నీళ్లు తోడతాం, అంటే పైకి లాగుతాం. గాలి తోడుచోట అంటే డ్రా త్రూ. కార్బురేటర్ ముందు, టర్బో వెనక, టర్బో దాంట్లోంచి గాలిని తోడుకుంటుంది. 1962లో వచ్చిన అమెరికా కార్లు కోర్వెయిర్ స్పైడర్, ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ రెండూ ఈ పద్ధతే. అక్కడ కార్బురేటర్‌కి బూస్ట్ తగలదు, బౌల్‌కి బయటి గాలే చాలు, పాత పంపే చాలు. గొంతులో గాలి వేగం ఎంతుంటే పెట్రోల్ అంత లేస్తుంది, జెట్ పెద్దదైనంత మాత్రాన కాదు. "గాలె దిక్కు" దీనికీ అతికినట్టు సరిపోతుంది కదా?

బోనెట్ తెరిచినవాడు
సరిపోతుంది గానీ డ్రా త్రూ ఎవడు కడతాడు తమ్ముడూ? పెట్రోల్ కలిసిన గాలి టర్బోలోంచి పోవాలి, ఇంటర్‌కూలర్ (వేడెక్కిన గాలిని చల్లబరిచేది) పెడితే పెట్రోల్ అందులో చుక్కలై పేరుకుపోతుంది, యాక్సిలరేటర్ వదిలితే వాక్యూమ్‌కి టర్బో సీల్‌లోంచి ఆయిల్ లాగేస్తుంది, కార్బన్ సీల్ కావాలి. 1980 లోటస్ ఎస్‌ప్రీ టర్బో, 1981 మసెరాటి బైటర్బో, అన్నీ బ్లో త్రూనే.

కృష్ణలంక
ఆటోనగర్‌లో మసెరాటి ఎవరు తెచ్చారు అన్నా. ఆయన చేతికి వచ్చింది మారుతి 800 అయి ఉంటుంది, టర్బో ఏదో డీజిల్ బండిది. పంపు మార్చే ఖర్చు లేకుండా పని అయ్యేది ఏదో చూడు.

బ్రాడీపేట మాస్టారు
మీరిద్దరూ "దిక్కు"ని వదిలేశారు. శరణం అని ఎందుకు అనుకోవాలి? వైపు అని కూడా అర్థం కదా. గాలి ఎటు పోతోందో అదే దారి, పెట్రోల్ దాని వెంట పోవాలి. అసలు ఈ నడక చూస్తే వేమన వాసన కొడుతోంది. వేమన మకుటం "విశ్వదాభిరామ వినుర వేమ" చూడండి, "వినుర" ఒక్కటే నగణం, మిగతా నాలుగూ గలాలు. ఈ మెకానిక్ ఆ నాలుగో గణాన్ని కూడా గలం చేశాడు.

తాళపత్రం
వేమన మాట వచ్చింది కాబట్టి, పాఠాంతరాల తగువు కొత్తేం కాదు. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేసే నాటికే ఒక్కో ప్రతిలో ఒక్కో పాఠం. ఇక్కడ తోయు, తోడు రెండూ ఉన్నాయంటే ఇద్దరు మెకానిక్‌లు ఇద్దరు శిష్యులకి చెప్పారని నా లెక్క. బ్లో త్రూ శాఖ, డ్రా త్రూ శాఖ.

గురులఘువు
మకుటం అన్నారు గనక, విశ్వద అనే వేశ్య, అభిరాముడు అనే కంసాలి, వాళ్ల పేర్లే అందులో ఉన్నాయనే కథ మీరు నమ్ముతారా మాస్టారూ?

బ్రాడీపేట మాస్టారు
నమ్మను. విశ్వద అంటే సమస్తం ఇచ్చేది, అభిరామ అంటే మనోహరమైనది. కంసాలి కథ తర్వాత ఎవరో అల్లింది.

తాళపత్రం
అలా విడదీస్తే అది ఎవరిని పిలిచినట్టండీ? దేవుడినా, వేమననేనా? కంసాలి కథలో కనీసం స్నేహితుడి పేరు నిలబెట్టాడు అనే కారణమైనా ఉంది.

పటమట కుర్రాడు
సార్, మిగతా రెండు పాదాలు...

బోనెట్ తెరిచినవాడు
మూడో పాదంలో మిక్స్చర్ నిష్పత్తి ఉండి ఉంటుంది చూడు. మామూలుగా 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్, బూస్ట్‌లో 12కో ఇంకాస్త కిందికో తేవాలి. పన్నెండు అన్న మాట గుర్తొస్తుందా?

గురులఘువు
పన్నెండు అంటే తగణం (రెండు గురువులు, ఒక లఘువు), ఇంద్రగణమే కాబట్టి మూడో పాదంలో చివరి రెండు గణాల్లో ఎక్కడైనా పడుతుంది. నాలుగో పాదంలో అన్నీ సూర్యగణాలే, అక్కడ పట్టదు.

బ్రాడీపేట మాస్టారు
పండ్రెండు అని ఉండాలి. పన్నెండు వాడుక రూపం.

కృష్ణలంక
డ్రా త్రూకి కూడా 12నే కావాలి అన్నా, దాంతో ఏం తేలదు.