అకౌస్టిక్ గిటార్ ఏకవాద్య రచనను నాలుగు తంతుల బేస్‌పై నేర్చుకోవడం ఎలా?

ప్రశ్న

కొన్నేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నాను. అకౌస్టిక్ గిటార్ కోసం కూర్చిన ఒక కష్టమైన రచనను, మరో వాద్యం తోడు లేకుండా, మామూలు నాలుగు తంతుల బేస్‌పై వాయించాలని ఇప్పుడు పూనుకున్నాను. రచన ఎ మైనర్‌లో ఉంది. బొటనవేలు మంద్ర స్వరాలను నడిపిస్తుండగా మిగిలిన వేళ్లు పైన మెలొడీని, మధ్యలో కార్డ్ (కలిపి పలికే స్వరాల గుంపు) స్వరాలను మీటుతాయి. మెలొడీ ఒకచోట మొదటి తంతి పన్నెండో ఫ్రెట్ (మెడపై అడ్డంగా ఉండే లోహపు గీత) దాకా వెళుతుంది. కార్డులను ట్యాబ్‌లో (వేళ్లు పెట్టే చోట్లను అంకెలతో చూపే రాతలో) ఉన్నట్టే కింది నాలుగు తంతులపై పట్టుకుంటే స్వరాలన్నీ ముద్దగా కలిసిపోతున్నాయి, పైగా మొదటి ఫ్రెట్ల దగ్గర ఎడమచేతి వేళ్లు అందడం లేదు. వేటిని ఉంచుకోవాలో, వేటిని వదులుకోవాలో అనుభవమున్నవారు చెప్పగలరా?

సమాధానం 1

ముద్దగా వినిపించడానికి కారణం మీ చేయి కాదు, స్థాయి. గిటార్‌లో అన్నిటికంటే లావు తంతి దాదాపు 82 హెర్ట్జ్ వద్ద పలికితే, బేస్‌లో అదే పేరు గల తంతి 41 హెర్ట్జ్ వద్ద, అంటే సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) కింద పలుకుతుంది. అంత లోతులో షడ్జమాన్నీ దాని పక్కనే ఉన్న గాంధారాన్నీ కలిపి మీటితే చెవి వాటిని విడదీయలేదు. గాంధారాన్ని ఒక స్థాయి పైకి జరిపి చూడండి. ఓపెన్ ఎ తంతిని (ఎక్కడా నొక్కకుండా) బొటనవేలితో మీటుతూ జి తంతి ఐదో ఫ్రెట్ వద్ద దాని గాంధారమైన సి స్వరాన్ని పలికిస్తే, పంచమం లేకపోయినా ఎ మైనర్ అని స్పష్టంగా తెలుస్తుంది. మొదట మంద్ర స్వరం, మెలొడీ, ఈ రెండింటినే రచన మొత్తానికీ రాసుకోండి. అవి రెండూ నిలకడగా నడిచాక, ఖాళీ ఉన్నచోట మాత్రమే మధ్య స్వరాలను ఒక్కొక్కటిగా చేర్చండి.

సమాధానం 2

వేళ్లు అందకపోవడానికి నాకు తెలిసిన మంచి ఉపాయం, తంతులను సరిగా అదిమిపట్టగల కేపోను (మెడపై అడ్డంగా బిగించే పట్టీని) ఐదో ఫ్రెట్‌పై బిగించడం. మామూలు బేస్ తంతి నిడివి 34 అంగుళాలు. ఐదో ఫ్రెట్ నుంచి బ్రిడ్జి (తంతులను వాద్యం ఒంటిపై ఆనించే భాగం) వరకు మిగిలేది దాదాపు 25.5 అంగుళాలు, అంటే చాలా అకౌస్టిక్ గిటార్ల పూర్తి నిడివి అంతే. అక్కడి నుంచి ఫ్రెట్ల మధ్య దూరం గిటార్‌లో ఉన్నంతే ఉంటుంది, స్థాయి పెరగడంతో కార్డులూ కొంత తేటపడతాయి.

సమాధానం 3

కేపో సలహా చిన్న పరిధిలో తిరిగే రచనలకు బాగా పనికొస్తుంది గానీ, ఈ రచనకు సరిపోదని నా అభిప్రాయం. గిటార్ మొదటి తంతి పన్నెండో ఫ్రెట్ స్వరం, ఒక స్థాయి కింద, బేస్ జి తంతిపై ఇరవై ఒకటో ఫ్రెట్‌లో దొరుకుతుంది. ఇరవై ఫ్రెట్ల బేస్ అయితే అదే అందదు. కేపో పెట్టి వేళ్ల పట్టులను అలాగే ఉంచితే రచన మరో ఐదు ఫ్రెట్లు పైకి జరిగి, ఆ స్వరం ఇరవై ఆరో ఫ్రెట్‌కు చేరుతుంది. అందుకు భిన్నంగా ఎ మైనర్‌లోనే ఉంటే ఎ, డి, ఇ మంద్ర స్వరాలు మూడూ ఓపెన్ తంతులపైనే దొరుకుతాయి కాబట్టి, బొటనవేలు వాటిని మోగిస్తున్నంతసేపూ ఎడమచేయి పూర్తిగా పై ఫ్రెట్లలోనే, వేళ్లు సులువుగా అందే చోటే ఉండిపోవచ్చు. వేళ్లు అందకపోవడమనే మీ రెండో ఇబ్బంది కేపో లేకుండానే చాలావరకు తీరుతుంది. స్థాయి మార్చడమే ఇష్టమైతే, స్టాన్లీ క్లార్క్ వాడిన పికొలో బేస్ తరహాలో సన్నని తంతులు వేసి ఒక స్థాయి పైకి శ్రుతి చేసుకునే మార్గం ఉంది, అయితే అందుకు ఒక బేస్‌ను ప్రత్యేకంగా కేటాయించడం మేలు.

ప్రశ్న అడిగినవారు

నా బేస్‌కు ఇరవై నాలుగు ఫ్రెట్లున్నాయి, కనుక ఎ మైనర్‌లోనే ప్రయత్నిస్తాను. అయితే కార్డు మారాక కూడా ఓపెన్ తంతులు మోగుతూనే ఉంటున్నాయి. దీన్ని ఎలా అదుపు చేయాలి?

సమాధానం 3

ఎ నుంచి డి కి మారేటప్పుడు, డి తంతిని మీటిన వెంటనే బొటనవేలి పక్క భాగాన్ని ఎ తంతిపై ఆన్చండి. బేస్ తంతి లావుగా ఉండి ఎక్కువసేపు మోగుతుంది కాబట్టి, ఆపడాన్ని కూడా మీటడంతో సమానంగా, మెలొడీ లేకుండా, చాలా నెమ్మదైన లయలో సాధన చేయాలి. కుడిచేతిని కొంచెం బ్రిడ్జి వైపు జరిపితే తంతి గట్టిగా తగిలి, వేళ్లు త్వరగా తిరిగి వస్తాయి, మెలొడీ కూడా మంద్ర స్వరాల నుంచి విడిగా వినిపిస్తుంది.