బార్‌లో క్లాసిక్ కాక్‌టెయిల్: మొదటిసారి ఏది చెప్పాలి?

విస్కీసోడా_కూకట్‌పల్లి

అందరికీ నమస్కారం. విస్కీలో సోడా కలుపుకుని తాగడమే తప్ప నేను ఇంతవరకు కాక్‌టెయిళ్ల జోలికి పోలేదు. వచ్చే వారం మా ఆఫీసు వాళ్లమంతా హైదరాబాదులోని ఒక స్టార్ హోటల్ బార్‌లో కలుసుకోబోతున్నాం. అక్కడి మెనూ ముందుగానే సంపాదించి చూశాను. క్లాసిక్స్ అనే శీర్షిక కింద ఓల్డ్ ఫ్యాషన్డ్, మార్టీని, నెగ్రోనీ, డైకిరీ, విస్కీ సవర్ ఉన్నాయి గానీ, పేరు, ధర తప్ప దేనిలో ఏమి కలుపుతారో ఒక్క ముక్క కూడా లేదు. ఒక్కో గ్లాసు ధరకు వైన్ షాపులో మంచి విస్కీ క్వార్టరే వస్తుంది కాబట్టి, తెలియక ఏదో ఒకటి చెప్పి రెండు గుటకలకే పక్కన పెట్టేయడం నాకు ఇష్టం లేదు. తీపి ఎక్కువైతే తాగలేను, చేదుకు పెద్దగా భయపడను, గుడ్డు ముట్టను. వీటిలో ఏది మేలో, ఎందుకో వివరించగలరా?

పాతసీసా

మీరు విస్కీ తాగేవారు కనుక ఓల్డ్ ఫ్యాషన్డ్‌తో మొదలుపెట్టడమే సబబు. 45 మి.లీ. బోర్బన్ లేదా రై విస్కీ, ఒక చక్కెర బిళ్ల, కొన్ని చుక్కల బిట్టర్స్ (మూలికలను మద్యంలో నానబెట్టి తీసే ఘాటైన చేదు సారం), కాస్త నీరు, పెద్ద ఐసుగడ్డ, పైన నారింజ తొక్క, అంతే. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి, కాక్‌టెయిల్ అంటే ఏమిటని అడిగిన పాఠకుడికి, మద్యం, చక్కెర, నీరు, బిట్టర్స్ కలిసిన పానీయమని జవాబిచ్చింది. నారింజ తొక్కను మినహాయిస్తే ఓల్డ్ ఫ్యాషన్డ్ నేటికీ ఆ నాలుగింటినీ దాటలేదు.

బిట్టర్స్ అంటే చాలా చోట్ల అంగోస్తురా అనే బ్రాండే. సీసా మెడ దాకా పొడుచుకొచ్చే, కొలతకు మించిన కాగితపు లేబుల్‌ను బట్టి దాన్ని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. కౌంటర్ మీద బిట్టర్స్ ఏవీ కనిపించకపోతే ఒకసారి అడగండి. అవి లేకుండా చేస్తే మీ చేతికి వచ్చేది చక్కెర కలిపిన విస్కీయే. తీపి తగ్గించమని కూడా ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి, ఎందుకంటే మన బార్లలో చాలామంది బిళ్లకు బదులు చక్కెర పాకం ధారాళంగా పోస్తారు.

నిమ్మతొన

పాతసీసా గారి సలహాతో నాకు పేచీ లేదు గానీ, మెనూలోని పేరును బట్టి కాక, ఆ బార్‌లో ఏ సరుకు తాజాగా ఉందో చూసి ఎంచుకోవాలని నేనంటాను.

మార్టీనికీ నెగ్రోనీకీ వెర్మూత్ కావాలి. అది మూలికల సారంతో, కొంత స్పిరిట్ కలిపి బలపరిచిన ద్రాక్ష వైను. అందులో ఆల్కహాలు సాధారణంగా 15 నుంచి 18 శాతమే ఉండటం వల్ల, మూత తీసిన తర్వాత విస్కీలాగా ఏళ్ల తరబడి నిలవదు. ఫ్రిజ్‌లో పెట్టినా నెలా రెండు నెలల్లో రుచి దిగిపోతుంది. జిన్, రమ్ము సీసాల సరసన, దీపాల వేడిలో, సగం ఖాళీ అయిన వెర్మూత్ సీసా కనిపిస్తే మార్టీని ఊసెత్తకండి. 60 మి.లీ. జిన్‌కు పడేది 10 మి.లీ. డ్రై వెర్మూతే అయినా, రసమూ పాకమూ లేని ఆ గ్లాసులో దాని లోపం దాగదు. నెగ్రోనీ కొంత ఓర్చుకుంటుంది: జిన్, కంపారీ అనే ఎర్రని చేదు ఇటాలియన్ మద్యం, తీపి ఎర్ర వెర్మూత్ 30 మి.లీ. చొప్పున సమపాళ్లలో పోస్తారు కనుక కొలత తప్పడం కష్టం, పైగా కంపారీ చేదు చాలా తప్పులను కప్పేస్తుంది.

మన దగ్గర నమ్మకంగా చెప్పదగినది మాత్రం డైకిరీ. క్యూబాలో సాంతియాగో సమీపంలోని ఇనుప గనుల ఊరి పేరు అది. 60 మి.లీ. తెల్ల రమ్ము, 20 మి.లీ. నిమ్మరసం, రెండు చిన్న చెంచాల పంచదార, ఇంతకుమించి ఏమీ ఉండదు. దానికి కావలసిన పుల్లని చిన్న నిమ్మకాయ గూడూరు మార్కెట్ పుణ్యమా అని మనకు కొత్త కాదు. విస్కీ సవర్ సంగతి అలా కాదు. విస్కీ, పులుపు రసం, పాకం కలిపే ఆ పానీయం పెద్ద పసుపు లెమన్‌ను ఉద్దేశించినది. మన నిమ్మతో చేస్తే పులుపు పదునెక్కుతుంది, దాన్ని సర్దడానికి పాకం పెంచుతారు, మీకు పడని తీపి వచ్చి చేరుతుంది. స్ట్రాబెర్రీ వేసి, ఐసుతో మిక్సీ పట్టి డైకిరీ పేరుతో ఇచ్చేదాన్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి. షేకర్ బయటి లోహం తెల్లగా మంచు పట్టేదాకా గట్టిగా కలిపి, ఐసు లేని చల్లని గ్లాసులోకి వడకట్టి ఇస్తే ఆ బార్టెండర్‌కు పని తెలిసినట్టే.

లెక్కలపంతులు

ఘాటు గురించి ఎవరూ చెప్పలేదు. మన దేశంలో ఎక్కువ స్పిరిట్లు 42.8 శాతం ఆల్కహాలుతో వస్తాయి. ఆ లెక్కన డైకిరీలో ఉన్నది అచ్చంగా ఒక లార్జ్ పెగ్గు (60 మి.లీ.). నెగ్రోనీ గ్లాసు చిన్నదే అయినా, మూడింటినీ కలిపి చూస్తే అదీ లార్జ్‌కు దగ్గరగానే తేలుతుంది. సోడాతో అరగంట సాగదీసే అలవాటున్నవారు వీటిని పది నిమిషాల్లో ముగించే ప్రమాదం ఉంది. పక్కన మంచినీళ్లు పెట్టించుకోండి, ఇంటికి క్యాబ్‌లో వెళ్లండి. విస్కీ సవర్‌లో నురగ కోసం తెల్లసొన వేసే చోట్లున్నాయి. మీరు గుడ్డు ముట్టరు కనుక, ఏది చెప్పినా షేకర్ కడిగి వాడమని అడగడంలో తప్పులేదు.

విస్కీసోడా_కూకట్‌పల్లి

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. డైకిరీ వైపే మనసు మొగ్గుతోంది. అయితే మా మేనేజర్‌తో సహా అందరూ విస్కీ గ్లాసులు పట్టుకుంటే నేనొక్కడినే కాడ ఉన్న చిన్న గ్లాసుతో కూర్చోవాలా అన్నదే సందేహం. అదే డైకిరీని మామూలు గ్లాసులో, ఐసు వేసి ఇవ్వమని అడగవచ్చా?

నిమ్మతొన

అడగవచ్చు, ఇస్తారు కూడా. కానీ షేకర్‌లోనే తగినంత నీరు కలిసి ఉంటుంది కాబట్టి, మళ్లీ ఐసు వేస్తే చివరి సగం పలచబడిపోతుంది. ఆ కాడ అరచేతి వేడి తగలకుండా పెట్టినది. మేనేజర్ గారు అడిగితే అదే చెప్పండి. ఆర్డర్ ఇచ్చే ముందు నిమ్మరసం అప్పటికప్పుడు పిండుతారా, సీసాలోదా అని ఒక్క మాట కనుక్కోండి. సీసాలోది అన్నారంటే డైకిరీ మానుకుని పాతసీసా గారి మాట వినండి.