‘ఒక్కపొద్దు’లో ఒక్కటి దేని లెక్క?

హన్మకొండ నుంచి అడుగుతున్నాను. మొన్న శ్రావణ శనివారం. మా అమ్మకు డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. పొద్దున గోలీ అయితే వేసుకుంది గానీ ఏమన్నా తినమంటే వినలేదు. పదకొండింటికల్లా చెమటలు పట్టి చేతులు వణికాయి. చక్కెర నీళ్లు తాగించాను. తేరుకోగానే అన్న మొదటి మాట: “నా ఒక్కపొద్దు ఖరాబ్ చేస్తివి గదరా!” అసలు ఈ మాటకు అర్థం ఏమిటి? ఒక్క పూట తినడమా, ఒక్క పూట మానడమా? వయసును బట్టి, రోగాన్ని బట్టి మార్చుకుంటే తప్పా?

పరకాల: పొద్దు అంటే సూర్యుడు, వేళ, రోజు. పొద్దు పొడుస్తుంది, పొద్దు గూకుతుంది. దినాల లెక్కలో మూడొద్దులు, ఐదొద్దులు అంటాం. ఇక్కడ మాత్రం తిండి వేళ. సంస్కృతంలో మూడు వేరువేరు మాటలున్నాయి. పగలు ఒక్కసారే తింటే ఏకభుక్తం, రాత్రి మాత్రమే తింటే నక్తం, అసలే తినకపోతే ఉపవాసం. మన ఒక్కపొద్దు ఏకభుక్తానికి చుట్టం. మాట ప్రకారం అమ్మగారు పొద్దునే తిని, తర్వాత మానినా ఒక్కపొద్దే.

జమ్మికుంట: మా ఇంట్లో అన్నం ఒక్కసారి తింటే చాలు, రాత్రికి పూరీ, ఆలుకూర. నిజం చెప్పాలంటే శనివారమే ఎక్కువ తింటాం.

మండిబజార్: మా ఇంట్లో తెలుగులో మాట్లాడేటప్పుడు రోజాను కూడా ఒక్కపొద్దనే అంటాం. మాకు సహర్, ఇఫ్తార్ అని రెండుసార్లు తిండి ఉంది కాబట్టి ‘ఒక్క’ తిండిని లెక్కపెట్టదు. తెల్లవారకముందు నుంచి పొద్దు గూకేదాకా ఆ పగలంతా ఒక్కటి. రోగులు, ప్రయాణంలో ఉన్నవాళ్లు తర్వాత వేరే రోజుల్లో ఉండొచ్చని ఖురాన్‌లోనే ఉంది. నియమంతో పాటే మినహాయింపు వచ్చింది. అయినా మా నానమ్మ జ్వరంలో కూడా విడిచేది కాదు, అది వేరే సంగతి.

నర్సంపేట: ఎవరికి వాళ్లు సడలించుకుంటూ పోతే ఇక నియమం ఎందుకు సార్? కష్టం లేని ఒక్కపొద్దు ఏం ఒక్కపొద్దు?

పరకాల: సార్, సడలింపు ఎప్పుడో అయిపోయింది. పైన పూరీ సంగతి చూడండి. జొన్నగట్కతో కడుపు నింపుకున్న ఇళ్లలో ‘అన్నం మాని టిఫిన్’ అనే వెసులుబాటు ఎక్కడిది? ఉప్మా రవ్వ వచ్చాక ‘ఒక్క’ మెల్లగా వరి అన్నాన్ని మాత్రమే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు ఏ అయ్యగారినీ ఎవరూ అడగలేదు. ముసలామె గోలీ దగ్గరికొచ్చేసరికి మాత్రం శాస్త్రం గుర్తొస్తుంది. ఆ శాస్త్రమే చూద్దాం. వ్రతాన్ని చెరపనివి ఎనిమిదని ఒక పాత శ్లోకం ఉంది, మహాభారతంలోది: నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. పాటించే మనిషి బతకాలన్న ఇంగితం నియమం రాసినవాళ్లకే ఉండె. కాలం మారిందని మనం కొత్తగా కలిపేదేమీ లేదు, మధ్యలో మరిచింది తీసుకుంటున్నాం. అయితే అన్నిట్లో ఇట్లా పాత శ్లోకం దొరకదు. ముట్టు, అంటు లాంటి వాటికి శ్లోకం వెతుక్కుంటూ కూర్చోవద్దు, వాటిని మార్చాల్సిందే అని నా మాట. దానికి వేరే చర్చ పెట్టండి.

జమ్మికుంట: పూరీ మీద ఇంత కోపమేంది అన్నా.

హన్మకొండ (మళ్లీ శనివారం): ఆ ఎనిమిదీ అమ్మకు చదివి వినిపించాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. “టిఫిన్ లేదా అండ్ల?” అని అడిగింది. లేదన్నాను. “మరి పాలు, జామపండు ఉన్నయి గద” అని చక్కెర లేని పాలు తాగి, సగం జామపండు తిని, గోలీ వేసుకుంది. మిగతా సగం నా చేతిలో పెట్టింది. తర్వాత పక్కింటామెతో గోడ మీదుగా చెబుతుంటే విన్నాను: “మావోడు శాస్త్రం తీసి చూసిండు. గోలీ లెక్కకు రాదట.”