గోల్ఫ్‌లో నీళ్ల మధ్య గ్రీన్ కష్టమా, వంపుల గ్రీన్ కష్టమా?

జాక్సన్‌విల్_రావు:
పోయిన శనివారం ఫ్లోరిడాలోని సాగ్రాస్ కోర్స్‌లో ఆడాను. 17వ హోల్‌లో గ్రీన్, అంటే గుంత చుట్టూ ఉండే పొట్టి గడ్డి, నీళ్ల మధ్యే ఉంటుంది. వరసగా మూడు బంతులు నీళ్లపాలు. టోర్నమెంట్‌లో అది 137 గజాలు, మేము ఇంకా ముందు నుంచే కొట్టాం. రోజూ కొట్టే చిన్న వెడ్జ్ షాటే. కానీ చుట్టూ నీళ్లు కనబడేసరికి చేతులు బిగుసుకుపోయాయి. ఇంతకంటే కష్టమైన హోల్ ఉందా?

ఏడో_బంకర్:
రావు గారూ, అది టెన్షన్, కష్టం కాదు. బంతి గ్రీన్ మీద పడితే సగం గండం గడిచినట్టే. పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్స్‌కి వెళ్లి చూడండి. నీళ్ల గొడవ దాదాపు లేదు, బంతి కూడా పోదు. కానీ గ్రీన్లు బోర్లించిన మూకుళ్లలా ఉంటాయి. నేను ఎడమ నుంచి చిప్ చేస్తే, అంటే గ్రీన్ పక్క నుంచి మెల్లగా లేపితే, బంతి కుడివైపు దిగిపోయింది, కుడి నుంచి చేస్తే మళ్లీ ఎడమకే వచ్చింది. నాలుగు షాట్లలో ముగియాల్సిన పార్ 4లో ఎనిమిది కొట్టాను. బ్యాగ్ మోసే కేడీ మొదటే చెప్పాడు, గ్రీన్ బయట నుంచి కూడా బంతిని నేల మీదే దొర్లించే పట్టరే వాడమని. వింటేగా!

గోల్కొండ_గాలి:
లాటరీలో టికెట్ తగిలి ఒకసారి మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే అగస్టా చూశాను. 12వ హోల్ పార్ 3, 155 గజాలే. గ్రీన్ అడ్డంగా పొడుగు, లోతు బాగా తక్కువ, ముందు వాగు. పైన గాలి ఎటు తిరుగుతుందో తెలీదు. 2016 చివరి రోజు జోర్డాన్ స్పీత్ ఆధిక్యంలో ఉండి అక్కడ రెండు బంతులు వాగులో వేసి ఏడు రాసుకున్నాడు. 2020లో టైగర్ వుడ్స్‌కి పది! వాళ్లది కూడా టెన్షనేనా అన్నా?

ఏడో_బంకర్:
సరే, ఆ ఒక్కటీ ఒప్పుకుంటా. కానీ స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ 17వ హోల్ సంగతేంటి? 1978 బ్రిటిష్ ఓపెన్‌లో జపాన్ ఆటగాడు నకజిమా రెండు షాట్లకే గ్రీన్ ఎక్కాడు. పట్ కొడితే బంతి వంపులో జారి రోడ్ బంకర్ అనే ఇసుక గుంటలో పడింది. బయటికి తీయడానికి నాలుగు షాట్లు, మొత్తం తొమ్మిది. ఒక్క చుక్క నీళ్లు లేకుండా!

గోల్కొండ_గాలి:
అక్కడ దొరికిపోయావు అన్నా. ఇందాక గ్రీన్ ఎక్కితే సగం గండం గడిచినట్టే అన్నది నువ్వే!

పట్టర్_ప్రసాద్:
మీరిద్దరూ గ్రీన్ వేగం మర్చిపోయారు. హైదరాబాద్‌లో వానాకాలం పొద్దున తడి గ్రీన్ మీద ఎంత వంపున్నా బంతి కదలదు, గట్టిగా కొట్టాల్సిందే. అదే గ్రీన్‌ని గడ్డి బాగా కత్తిరించి, ఆరబెట్టి ఇస్తే ముట్టుకుంటే చాలు జారిపోతుంది. 1935లో అమెరికాలోని ఓక్‌మంట్ కోర్స్ గ్రీన్ల వేగం చూసే స్టింప్సన్ అనే ఆయన దాన్ని కొలిచే పట్టీ కనిపెట్టాడు. కాబట్టి ఏ రోజు ఆడారో చెప్పకుండా ఏ హోల్ కష్టమో తేల్చలేం.

జాక్సన్‌విల్_రావు:
ప్రసాద్ గారూ, ఆ రోజు ముందురాత్రి వాన పడింది, గ్రీన్ మెత్తగానే ఉంది. అంటే నాకు ఆ సాకు కూడా లేదు. నాలుగో బంతి గ్రీన్ మీద ఆగింది గానీ, గుంతలో వేయడానికి మూడు పట్‌లు పట్టాయి.