విజయనగరంలో ఉండి మంచి సీడీ ప్లేయర్ ఎంచుకోవడం ఎలా?

గంటస్తంభం
నమస్కారమండీ. మాది విజయనగరం. నాన్నగారు కూడబెట్టిన సీడీలు బీరువా నిండా ఉన్నాయి. ఆంప్లిఫయర్, స్పీకర్లు మంచివే. సీడీలకి మాత్రం ఇన్నాళ్లూ ఒక పాత డీవీడీ ప్లేయర్‌తో నెట్టుకొచ్చాను. అదిప్పుడు ట్రే తెరవమంటే బతిమాలించుకుంటోంది. ఈసారి గట్టిది ఒకటి కొనేద్దామని ఉంది. లక్ష దాటినా ఫర్వాలేదు, ఇంట్లో చెప్పుకోగలను. మరాంట్జ్ సీడీ6007 దగ్గర మొదలెట్టి యమహా సీడీ-ఎస్2100 దాకా చదివి బుర్ర వేడెక్కింది. మన సైడు విని కొనే షోరూమ్ నాకైతే కనబడలేదు. వాడుతున్నవాళ్లు చెప్పండి.

వంశధార67
ముందు మీ బీరువాలో ఏమున్నాయో చెప్పండి. ఎస్ఏసీడీలు (మామూలు సీడీ కంటే ఎక్కువ వివరంతో రికార్డు చేసిన డిస్కులు) ఉన్నాయా? ఎంపీ3 డిస్కులు ఉన్నాయా?

గంటస్తంభం
ఎక్కువ కర్ణాటక సంగీతం. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ ఉంది, మా ఊరి సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేశారు కదా, నాన్నగారికి ఆ అభిమానం. తర్వాత సుశీలగారి పాత సినిమా పాటలు. షాపులో రైట్ చేయించిన ఎంపీ3లు ఓ కట్ట. ఎస్ఏసీడీలు రెండో మూడో, ఎవరో బయట దేశం నుంచి తెచ్చిచ్చినవి.

టెక్కలి_మాస్టారు
అయితే సగం పని అయిపోయింది బాబూ. ద్వారం వారివి చాలావరకు 78 ఆర్‌పీఎం ప్లేట్ల నుంచి సీడీకి ఎక్కించినవే. ప్లేటుకి ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలే పట్టేది, అందుకే రాగం అందుకోగానే ముగించేసినట్టు ఉంటుంది. పై ఫ్రీక్వెన్సీలు ఆ ప్లేటులోనే తక్కువ. ప్లేయర్‌కి ఎంత పోసినా లేనిది తెచ్చి పెట్టదు, పైగా ధ్వని మరీ పలచగా, పదునుగా ఉండే సెట్ అయితే వయొలిన్ కంటే ముందు గీర చప్పుడే వినబడుతుంది. నేను అలాంటి ప్లేయర్ ఒకటి విన్నాను. కమాను తీగ మీద మలుపు తిరిగే చోట వచ్చే ఆ చిన్న గరగర ఉంటుంది చూశారూ, దాన్నీ ప్లేటు గరగరనీ కలిపేసి ఒకే ముద్ద చేసింది. కాబట్టి కొనేముందు మీ డిస్కే పట్టుకెళ్లి వినండి, షోరూమ్ వాడి జాజ్ డిస్కు కాదు.

వంశధార67
మాస్టారి మాట కాదనను గానీ, కొత్త స్టూడియో రికార్డింగులకి తేడా ఉంటుంది. నా సలహా: ట్రాన్స్‌పోర్ట్ (డిస్కు చదివే పెట్టె) వేరు, డాక్ (డిజిటల్ సిగ్నల్‌ని ఆంప్లిఫయర్‌కి పనికొచ్చేలా మార్చే పెట్టె) వేరు తీసుకోండి. కేంబ్రిడ్జ్ ఆడియో సీఎక్స్‌సీ, ఆడియోల్యాబ్ 6000సీడీటీ ఈ రకం. వీటిలో డాక్ ఉండదు, డిజిటల్ అవుట్ మాత్రమే. మీ దగ్గర డాక్ లేకపోతే ఒట్టిగా తెచ్చి తగిలిస్తే చప్పుడు రాదు. రేపు డాక్‌లు మారినా ట్రాన్స్‌పోర్ట్ మార్చక్కర్లేదు. ఎస్ఏసీడీల సంగతి మాత్రం చూసుకోండి: వాటిలో ఉండే డీఎస్‌డీ అనే డిజిటల్ సిగ్నల్‌ని డిజిటల్ అవుట్‌కి వాడే కోయాక్సియల్, ఆప్టికల్ జాక్‌ల నుంచి బయటికి రానివ్వరు. హైబ్రిడ్ డిస్కయితే అందులోని మామూలు సీడీ పొర ఎందులోనైనా పాడుతుంది.

టెక్కలి_మాస్టారు
రెండు మూడు డిస్కుల కోసం ఎస్ఏసీడీ ప్లేయర్ కొనడం దండగ. ఎంపీ3 కట్టకైతే డబ్బులు పెట్టకండి, పాత డీవీడీ ప్లేయర్‌కి ట్రే బాగుచేయించి దానికే వదిలేయండి. ఖరీదైనవాటిలో కొన్ని ఎంపీ3 డిస్కుని అసలు గుర్తించవు.

రాజాం_రిపేర్
నేను ఇవి విప్పి చూసేవాణ్ణి, కాబట్టి నాకు డాక్ గొడవ పట్టదు. డబ్బు పోయేది లేజర్‌లోనూ మెకానిజంలోనూ. ట్రే బెల్టు సాగిపోవడం చిన్న పని. లేజర్ పికప్ (డిస్కుని చదివే భాగం) బలహీనపడితే మాత్రం ఆ పార్టు దొరుకుతుందా లేదా అన్నదే ప్రశ్న. పేరున్న పాత ఖరీదైన ప్లేయర్లు కూడా పికప్ దొరక్క మూలన పడ్డాయి. కొత్తది కొంటే కంపెనీ సర్వీసు మన రాష్ట్రంలో ఎక్కడుందో ముందే అడగండి. అమ్మేటప్పుడు "అంతా మేం చూసుకుంటామండి" అంటారు, ఆ మాట కాగితం మీద ఉండాలి.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు డెబ్బై నిమిషాలు దాటిన సీడీ తీసుకెళ్లి చివరి పాట వేయండి. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది, తిరిగే వేగం నిమిషానికి దాదాపు 500 నుంచి 200కి తగ్గుతూ వస్తుంది. డిస్కు అంచు కొంచెం ఊగినా లేజర్ ఫోకస్ నిలబెట్టుకోవాలి కదా, అలసిన ప్లేయర్ అక్కడే దొరికిపోతుంది. చిన్న గీతలకి భయపడకండి, డేటాలో రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోయినా సరిచేసుకునేలా కోడ్ చేశారు. డిస్కు తుడిచేటప్పుడు మాత్రం మధ్య నుంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా కాదు.

పలాస_జీడిపప్పు
ఎవరూ కరెంటు గురించి మాట్లాడరేటండీ! 2018లో తిత్లీ తుఫాను వచ్చాక రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. కరెంటు వచ్చిన రోజు ఓల్టేజీ ఎగిరి నా ప్లేయర్ పవర్ బోర్డు పోయింది. వానాకాలం ఉరుము వినబడితే ప్లగ్ పీకేయడమే. ఇంకొకటి, జపాన్ నుంచి చవగ్గా వచ్చేవి 100 ఓల్టులవి. మన 230లో నేరుగా పెడితే అంతే సంగతులు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కలుపుకుని లెక్క వేసుకోండి.

వంశధార67
నిజం. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్‌దో కాదో కూడా చూడండి. స్క్వేర్ వేవ్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది, ఆ గోల స్పీకర్లోకీ రావచ్చు.

నాగావళి_గట్టు
రెండు ప్లేయర్లు పోల్చి వినేటప్పుడు చప్పుడు సమానం చేసుకోండి. మామూలు జాక్‌లో 2 ఓల్టులు వస్తే, బ్యాలెన్స్‌డ్ జాక్‌లో (మూడు పిన్నులది) దాదాపు రెట్టింపు వస్తుంది. కాస్త గట్టిగా పాడేదే బాగుందనిపించేస్తుంది. శ్రీకాకుళంలో మా బావగారి ఇంట్లో దీనిమీదే రాత్రంతా వాదన.

గంటస్తంభం
అందరికీ థాంక్సండీ. ఎస్ఏసీడీ ఆలోచన వదిలేశాను. సీడీ6007, లేదా ఒక ట్రాన్స్‌పోర్ట్‌తో డాక్, ఈ రెండిట్లో సర్వీసు దగ్గరున్నదే తీసుకుంటాను. ఒక్క డౌటు: ఇంట్లో ఏసీకి వాడిన పెద్ద స్టెబిలైజర్ ఖాళీగా ఉంది, దానికే తగిలించెయ్యనా?

రాజాం_రిపేర్
వద్దు. రిలేలు టక్కుటక్కుమన్నప్పుడల్లా మీకు ద్వారం వారి మధ్యలో మృదంగం అదనం. సీడీ ప్లేయర్ తినేది ముప్పై నలభై వాట్లే, చిన్న సర్వో స్టెబిలైజర్ (రిలేలతో కాక మోటారుతో ఓల్టేజీ సరిచేసేది) చాలు. ఎర్తింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తో ఈ వారమే చూపించండి.